పరమాణుగర్భమును కాంతితోఁ గొలుచుట

ప్రయోగశాలయందలి వాయుభారమాపకములో వెండివలె మెఱయుచుండు పాదరసమును మన విద్యార్థు లందఱును జూచియే యున్నారు. దాని బొట్టు నేలపైఁ బడినచో గుండ్రని పూసలుగాఁ జెదరిపోవును. ద్రవపదార్థమునకుఁ దన్నుఁ దాను గుండ్రముగాఁ జేసికొనుట స్వభావము. పరమాణువు నడుమనుండు కేంద్రకము కూడ నిట్టి బొట్టువంటిదే యని భౌతికశాస్త్రజ్ఞులు చాలకాలము తలంచిరి. ఆ తలంపునకుఁ దగిన యాధారములును గలవు. కాని 1972 సంవత్సరమున నీ పాదరసముయొక్క కేంద్రకమే యా తలంపు చాలదని చూపెను. న్యూట్రానులు ఒకటిరెండు తగ్గినంతనే, కుంచించుకొనవలసిన కేంద్రకము ఉబ్బినట్లు కానవచ్చెను. ఈ సంగతి త్రాసుచేఁ గాని సూక్ష్మదర్శినిచేఁ గాని తెలియలేదు, కాంతిచేఁ దెలిసెను. కంటి కెన్నఁడును గానరాని వస్తువు ఉబ్బినదని కాంతి యెట్లు చెప్పఁగలిగినదో చదువరులకు విన్నవింపఁ గోరి మే మీ వ్యాసమునకుఁ బూనుకొంటిమి.

మొదట కొలతల మాట. పరమాణువు నడుమ మిక్కిలి చిన్నదియు మిక్కిలి బరువైనదియు నగు కేంద్రక మొకటి కలదని రూథర్‌ఫర్డు పండితుఁడు 1911 లోఁ బ్రకటించెను. దానిలోఁ బ్రోటానులు, న్యూట్రానులు నను రెండు విధములగు కణములు గలవు. దాని చుట్టును ఎలక్ట్రానులు తిరుగుచుండును. పాదరసపు పరమాణువును నూఱు మీటర్ల యాటస్థలమంత పెంచితిమేని, దాని కేంద్రకము కందిగింజ పాటి యగును. ఇంత చిన్నవానిని గొలుచుటకు ఫెర్మి యను ప్రమాణము వాడుదురు. మిల్లీమీటరును లక్షకోట్ల భాగములు చేసినచో నందొక భాగము ఫెర్మి. పాదరసపు కేంద్రకముయొక్క అడ్డుకొలత సుమారు 14 ఫెర్ములు.

కాంతి యన్ననో, అలలుగా వచ్చునది. ఊదారంగు కాంతియొక్క అల పొడవే యీ కేంద్రకమునకు దాదాపు మూఁడుకోట్ల రెట్లు. సముద్రపు కెరటము తీరమునం దొక యిసుకరేణువు ఎట్లున్నదో చెప్పఁజాలునా? కావున కేంద్రకముపైఁ గాంతిని బఱపి దాని రూపును జూతమన్న నది కాని పని. ఎంత మేలైన కటకము నమర్చినను లాభము లేదు.

మఱి యుపాయ మేమి? కేంద్రకము చెంతకుఁ బోయి వచ్చువానిని బట్టి యడుగుటయే యుపాయము. ఆ వచ్చునది ఎలక్ట్రాను.

దీపపు మంటలోఁ జిటికెడు ఉప్పు చల్లినచో మంట పసుపువన్నె దాల్చును. ఆ కాంతిని వర్ణపటదర్శినిలోఁ జూచిన, ఇంద్రధనుస్సువలె నన్ని రంగులును గాక, సన్నని పసుపుపచ్చని గీత లగపడును. ప్రతి మూలద్రవ్యమునకును దన గీతలు తన కుండును. ఒకదాని గీతలు మఱొకదానికి రావు. ఎలక్ట్రాను పై మెట్టునుండి క్రింది మెట్టునకు దిగునపు డా రెండు మెట్ల నడుమఁ గల శక్తిభేదము కాంతిగా వెలువడును. క్రిందినుండి పైకెక్కుటకు సరిగా నంతియే శక్తిగల కాంతిని మ్రింగును. గీతయొక్క స్థానము ఆ భేదమునకుఁ గొలత. మెట్టు వెండ్రుకవాసి కదలినను గీతయుఁ గదలును.

ఇప్పు డసలు విషయమునకు వచ్చితిమి. ఎలక్ట్రానులలోఁ గొన్ని కేంద్రకమునకు దూరముగానే తిరుగును. కొన్ని యట్లు గాక కేంద్రకములోఁ జొచ్చి బయల్వెడలుచుండును. అవి లోపల నుండుకాల మత్యల్పమే కాని, ఆ యల్పకాలమునందే మన కవసరమగు వార్త వానికిఁ దెలియును. ఎట్లనఁగా, భూమి మనలను లాగునను సంగతి మన మెఱుఁగుదుము. ఒకఁడు భూమధ్యమువఱకును సొరంగము త్రవ్వుకొని దిగునని యూహింపుఁడు. అతఁడు కేంద్రమును సమీపించినకొలఁది ఆకర్షణ తగ్గుచు, నడుమ శూన్యమే యగును. ఏలనఁగా నతని నెత్తిపైనున్న మట్టియుఁ బైకి లాగుచుండును. కేంద్రకములోఁ జొచ్చిన ఎలక్ట్రానుకు నిట్టిదే జరుగును. కేంద్రకము బిందుమాత్రమే యైనచో ఆకర్షణ యంతకంతకు హెచ్చుచుండెడిది. అది బంతివంటి దగుటచే, లోపలఁ బ్రవేశించిన ఎలక్ట్రానుపైఁ బట్టు సడలును. బంతి పెద్దదైనకొలఁది సడలుపాటును హెచ్చును. సడలిన ఎలక్ట్రానుయొక్క మెట్టు కొంచెము పైకి జరుగును. గీత స్థానము మాఱును.

ఒకే మూలద్రవ్యముయొక్క కేంద్రకములలోఁ బ్రోటానుల సంఖ్య యొక్కటియే. న్యూట్రానుల సంఖ్య మాత్రము వేఱువేఱుగా నుండవచ్చును. వీనిని ఐసోటోపు లందురు. పాదరసమునకు 80 ప్రోటానులు. సహజముగా దొరకునట్టివి ఏడు ఐసోటోపులు. అందు మిక్కిలి తేలికయైనది 196, మిక్కిలి బరువైనది 204. ఈ యంకెలు ప్రోటానుల న్యూట్రానుల మొత్తమును దెలుపును. పాదరసపు దీపమునం దగపడు 253.7 నానోమీటర్ల గీతను జూడుఁడు. ఐసోటోపు 200 ఇచ్చు గీతకును, 202 ఇచ్చు గీతకును గల యెడము ఆ కాంతి కంపనసంఖ్యలో రెండులక్షలలో నొకవంతు కంటెను దక్కువ. ఇంత చిన్న తేడాలో న్యూట్రానులు రెండు హెచ్చుటచేఁ గేంద్రక మెంత పెరిగినదియు దాఁగియున్నది.

ఇందొక చిక్కు గలదు. గీత కదలుటకుఁ బరిమాణ మొక్కటియే కారణము గాదు; కేంద్రకపు బరువు మాఱినను గీత కదలును. యూరీ మొదలగువారు 1931 లో బరువైన హైడ్రొజనును గనుఁగొన్న దిట్టి బరువు వలని కదలికచేతనే. అదృష్టవశమున, పాదరసమువంటి బరువైన ద్రవ్యములయందు బరువు వలని కదలిక స్వల్పము, పరిమాణము వలనిది యధికము. తేలిక ద్రవ్యములయం దంతయుఁ దలక్రిందు. ఆ మాట ముందు వచ్చును.

ఇంతవఱకును బరిమాణము. ఆకార మెట్లు తెలియును? ఒక్కొక్క గీతను మిక్కిలి సూక్ష్మముగాఁ బరీక్షించినచో నది యొక్కటి గాక కొన్ని గీతల గుంపై యుండును. దీనిని 1891 లోనే మైకెల్సన్ చూచెను. కేంద్రకము బొంగరమువలెఁ దిరుగుచుఁ జిన్న యయస్కాంతమై యుండుటచే నిది కలుగునని 1924 లోఁ బౌలీ సూచించెను. ఈ చిన్న గీతల నడుమఁ గల యెడములు ఒక నియమమునకు లోఁబడి యుండవలెను. 1935 లో షూలర్, ష్మిట్ అనువారు యూరోపియమను లోహమును బరీక్షింపఁగా ఆ నియమము తప్పెను. కేంద్రకము గుండ్రముగా నున్నచోఁ దప్పరాదు. అది యొకవైపు సాగియుండుటచేతనో యణఁగియుండుటచేతనో, ఎలక్ట్రానుల నడుమ నది యే దిక్కునకుఁ దిరిగి నిలిచిన దనుదానిని బట్టి శక్తి మాఱుచున్నదని తేలెను. ఈ విధముగా గీతల గుంపులోని యెడములనుండి కేంద్రకము కోడిగ్రుడ్డువలె సాగినదో, గుమ్మడికాయవలె నణఁగినదో తెలిసికొనుట సాధ్యమైనది. కాని యీ పద్ధతి యన్నిటికిఁ బనికిరాదు. కొన్ని కేంద్రకములకుఁ దిరుగుడే లేదు; కొన్నిటి తిరుగుడు మిక్కిలి తక్కువ. అట్టివి తమ యాకారమును గీతల గుంపులోఁ గనఁబఱుపవు.

వానికి మఱియొక దారి కలదు. ఒకే మట్టిముద్దతో మొదట బంతిని జేసి, దానినే పొడవుగా సాగఁదీసితిమని తలంపుఁడు. మట్టి పెరుగలేదు, తరుగలేదు. అయినను మట్టికణములు నడిమినుండి సగటున నెక్కువ దూరమునకుఁ బోయినవి. కాంతి కొలుచునది యీ సగటు దూరమునే. కాఁబట్టి న్యూట్రానులు హెచ్చకయే కేంద్రక మకస్మాత్తుగాఁ బెరిగినట్లు కానవచ్చినచో, అది సాగినదని యూహింపవచ్చును. పాదరసముయొక్క కథలో నిదియే కీలకము.

ఆ కథ జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున జరిగినది. అచ్చట ఐసోల్డె యను పరిశోధనశాల 1967 నుండి పనిచేయుచున్నది. వేగవంతములగు ప్రోటానుల ధారను గరఁగిన సీసముపైఁ బఱపుదురు. సీసపు కేంద్రకములు పగిలి వానినుండి యెన్నో క్రొత్త కేంద్రకములు పుట్టును. అందుఁ బాదరసము తేలికగా నావిరియై వెలువడును. దానిని అయస్కాంతముచే ఐసోటోపులవారీగా వేఱుపఱుతురు. ఇట్లు లభించు తేలిక ఐసోటోపు లల్పాయువులు: 185 లో సగము 49 సెకనులలో నశించును, 183 కుఁ దొమ్మిది సెకనులే గడువు. సీసాలో నించి బీరువాలోఁ బెట్టి తీఱికగాఁ బరీక్షింతమన్న వీలుపడదు.

ఓటెన్, క్లూగె మొదలగు జర్మను శాస్త్రజ్ఞులు 1972 లో నుపయోగించినది లేసరు గాదు, పాదరసపు దీపమే. దీపకాంతిని ఒక పద్ధతిగాఁ ద్రిప్పి పరమాణువులపైఁ బఱపినచో, కాంతి వానికి సరిగాఁ గుదిరినపుడు కేంద్రకము లన్నియు నొక దిక్కునకుఁ దిరిగి నిలుచును. అట్లు నిలిచిన కేంద్రకములు నశించునపుడు వెలువడు కణము లొకవైపున నెక్కువగాఁ గానవచ్చును. ఆ హెచ్చుతగ్గులను జూచి కాంతి కుదిరినదని గ్రహించిరి. మా మట్టుకు మేము ఈ యుపాయమును మిక్కిలి మెచ్చుకొందుము. కాంతిని జూడక, కాంతిచే దిక్కు మాఱిన కేంద్రకముల మరణమును లెక్కించి గీతస్థానమును నిర్ణయించుట సామాన్యమైన యూహ గాదు.

ఫలిత మేమనఁగా: బరువైన ఐసోటోపులనుండి 187 వఱకును బరిమాణము క్రమముగాఁ దగ్గుచు వచ్చెను. 185 వద్ద నది యకస్మాత్తుగాఁ బెరిగెను. 183 వద్దను బెద్దదిగానే యుండెను. తమకంటె నెన్నియో న్యూట్రాను లెక్కువగాఁ గల కేంద్రకములతో నవి సరితూఁగెను. నడుమనున్న 184 మాట యేమి? దీపపు పద్ధతి దానికిఁ జెల్లదు. న్యూట్రానుల సంఖ్య సరిసంఖ్య యగుటచే దాని కేంద్రకమునకుఁ దిరుగుడు లేదు. తిరుగుడు లేనిదానిని దిక్కునకుఁ ద్రిప్పు టెట్లు? ఇచ్చటనే లేసరు కావలసివచ్చెను.

లేసరు 1960 లోఁ బుట్టినది. రంగును గోరినట్లు మార్చుకొనఁదగిన లేసరులు 1966 నుండి వచ్చినవి. సాధారణదీపపు కాంతిలోఁ గంపనసంఖ్య కొంత మేర వ్యాపించి యుండును. లేసరులో నది మిక్కిలి సన్నని హద్దులలో నిముడును. వీణెకు శ్రుతి చేయువాఁడు బిరడను మెల్లగాఁ ద్రిప్పినట్లు లేసరు రంగును గొంచెము కొంచెముగా మార్చుచుఁ బోదురు. గీతకు సరిపడినపుడే పరమాణువు కాంతిని మ్రింగి మరల వెదఁజల్లును. ఆ వెలుఁగును లెక్కింతురు. ఈ విధముగా 1977 లో 184 ను గొలువఁగా నది పెద్దదిగా లేదు! 186 నుండి వచ్చు వరుసలోనే చక్కఁగా నిలిచెను. అనఁగా బేసి ఐసోటోపు లుబ్బుచు, సరి ఐసోటోపులు ముడుఁగుచు, వరుస ఱంపపు పండ్లవలె నయ్యెను. అంతేకాదు, 185 కేంద్రకమే రెండు స్థితులలో లభించును. సహజస్థితిలో నది సాగియుండును; కొంత శక్తి హెచ్చుగాఁ గల మఱియొక స్థితిలో నించుమించు గుండ్రము. ఒకటే ప్రోటానుల సంఖ్య, ఒకటే న్యూట్రానుల సంఖ్య, ఆకారములు మాత్రము రెండు.

లేసరు పద్ధతికిఁ బరమాణువుల వేగము శత్రువు. రైలుబండి సమీపించునపుడు కూఁత హెచ్చు శ్రుతిలోను, దాఁటిపోవునపుడు తగ్గుశ్రుతిలోను వినవచ్చుట మనము స్టేషనులో గమనించునదే. పరమాణువులు తలకొక దిక్కునకుఁ దలకొక వేగమునఁ బరుగెత్తుటచేఁ గీతలు చెదరి వెడల్పగును. సూక్ష్మమగు యెడము లందుఁ గలసిపోవును. దీనికిఁ గాఫ్మన్ 1976 లో నొక విరుగుడు సూచించెను. పరమాణువులకు విద్యుదావేశ మిచ్చి, వేలకొలఁది వోల్టులచే నన్నిటిని నొకే దిక్కునకు మహావేగముతోఁ దఱుమవలెను. లేసరును వాని దారి వెంబడినే పఱపవలెను. అన్నిటికిని సమానముగా నీయఁబడిన గొప్ప శక్తి ముందు, మొదటఁ గల చిన్న చిన్న భేదములు వేగమున నించుమించుగా మాసిపోవును. పాత ప్రపంచపు నడక, పరుగులలో నట్లే గదా: ఇరువురి నడకలలోని భేదము వారు రైలెక్కిన తర్వాత గానరాదు. ఈ విధానము నేఁడు లోకమునఁ బెక్కు పరిశోధనాలయములయందు నడచుచున్నది.

మఱియొక పద్ధతిలో వెలుఁగును జూచుట లేదు. పరమాణువునకు రెండుమూఁడు లేసరులచే మెట్టు వెంట మెట్టుగా శక్తి నిచ్చి, తుదకు దాని ఎలక్ట్రాను నూడఁగొట్టుదురు. మొదటి మెట్టు సరిగాఁ గుదిరినఁ గాని తక్కిన మెట్లు సాగవు. కావున నెన్ని పరమాణువు లావేశము పొందినవో లెక్కించిన చాలును. అత్యల్పసంఖ్యలోఁ బుట్టు కేంద్రకములకు నీ పద్ధతి శరణ్యము. దీనితో ఐసోల్డెలో మరలఁ బాదరసమును బట్టి, 177 వఱకును గొలిచి, 2018 లోఁ బ్రకటించిరి. 177 లో సగము నశించుటకు సెకనులోఁ బదవవంతు కంటెఁ గొంచె మెక్కువ కాలము చాలును. తేలిన దేమనఁగా, ఉబ్బినవి 181, 183, 185 అను మూఁడు మాత్రమే. అంతకుఁ దేలికయైనవి బేసివి గాని సరివి గాని మరల మొదటి వరుసలోనికే వచ్చినవి.

కారణమో? ఈ ప్రాంతమున సాగిన యాకారమునకును, ఇంచుమించు గుండ్రమగు యాకారమునకును శక్తిలో నించుకంత భేదమే యున్నది. కొన్ని ప్రోటానులు తమ యంతస్తును విడిచి పై యంతస్తున కెక్కును. అచ్చట నవి కొన్ని న్యూట్రానులతో బలముగాఁ బెనఁగి కేంద్రకమును సాగఁదీయును. త్రాసు సమముగా నిలిచినపుడు గురిగింజ వేసినను ముల్లు వంగును గదా. అట్లే న్యూట్రాను సరియో బేసియో యను నల్పభేదమే తీర్పు చెప్పుచున్నది. ఈ లెక్కను బూర్తిగాఁ గట్టుటకు జపానులోఁ గోబె నగరమున నప్పు డుండిన “కె” యను మహాగణనయంత్రము కావలసివచ్చెను. ప్రశ్న పుట్టిన 46 సంవత్సరములకు జవాబు వచ్చినది. అట్లని యంతయు ముగిసినదని మేము తలంపము. లెక్క సరిపోవుట వేఱు, మున్ముందుగాఁ జెప్పఁగలుగుట వేఱు. 1972 నకు ముందు పాదరస మిట్లు చేయఁగలదని యెవ్వరును బందెము కట్టియుండరు.

ఈ పద్ధతికిఁ గల హద్దులను గూడఁ జెప్పుట న్యాయము. లేసరు చెప్పునది ఒక ఐసోటోపునకును మఱొక ఐసోటోపునకును గల భేదమే గాని మొత్తపు కొలత గాదు. మొత్తపు కొలతకై వేగవంతములగు ఎలక్ట్రానులను గేంద్రకముపైఁ గొట్టి, అవి చెదరు విధమును జూడవలెను. ఆ పనికిఁ గాను హాఫ్‌స్టాడ్టర్‌కు 1961 లో నోబెలు బహుమానము వచ్చెను. రెండవది, ఎలక్ట్రానుకు విద్యుత్తే తెలియును. న్యూట్రానుకు విద్యుత్తు లేదు గావున, కాంతి చెప్పు పరిమాణము ప్రోటానుల వ్యాప్తియే.

అయినను, న్యూట్రానుల వార్త యొకప్పుడు ప్రోటానుల ద్వారమునఁ దెలియును. లిథియము 11 అను కేంద్రకమునందు మూఁడు ప్రోటానులు, ఎనిమిది న్యూట్రానులు. దానిలోఁ జివరి రెండు న్యూట్రానులు తక్కినవానికి మిక్కిలి దూరముగాఁ బరివేషమువలె వ్యాపించియున్నవని తనిహట మొదలగువారు బర్కిలీ నగరమున 1985 లోఁ గనుఁగొనిరి. ఆ పరివేషమునం దొక్క ప్రోటానును లేదు. కావున లేసరుకు దాని జాడ తెలియరాదని తోఁచును. కాని కెనడాలోని వాంకూవరు నగరమున ట్రయంఫ్ పరిశోధనాలయమందుఁ గొలువఁగా, 2006 లోఁ బ్రకటింపఁబడిన ఫలిత మిది: లిథియము 9 యొక్క విద్యుద్వ్యాసార్ధము సుమారు 2.2 ఫెర్ములు, లిథియము 11 యొక్కది దాదాపు 2.5. రెండు న్యూట్రానులు దూరముగాఁ దిరుగుటచే, నడిమి ముద్ద కూడ నిలుకడగా నుండక ఇటునటు నూఁగుచున్నది. ఊఁగుదానిలోని ప్రోటానుల వ్యాప్తి పెరిగినది. ఒకనికి దూరముగాఁ దాడు పట్టుకొని తిరుగు పిల్లవాఁడు నడుమ నిలిచినవానిని గూడఁ గదలించునట్లు. ఇచ్చట బరువు వలని గీతకదలిక పరిమాణము వలని దానికి వేలకొలఁది రెట్లు గలదు. దానిని లెక్కచే మిక్కిలి నిర్దుష్టముగాఁ గట్టి తీసివేయఁగలిగినందుననే యీ చిన్న శేషము దొరకినది. ఆ లిథియములో సగము, సెకనులో నూఱవవంతు కాకమునుపే నశించును.

రెండవ కొసను నొబెలియము కలదు. దాని ప్రోటానులు 102. ప్రకృతిలో నది దొరకదు. జర్మనీలో డార్మ్‌స్టాట్ నగరమున నది సెకనుకుఁ గొలఁది పరమాణువుల చొప్పున మాత్రమే తయారగును. అట్టిదానిని లేసరుతోఁ బట్టి దాని గీతను 2016 లో మొదటిసారి చూచిరి. 2018 లో 252, 253, 254 అను మూఁడు ఐసోటోపులను బోల్చి ప్రకటించిరి. అందు 253 బేసియై తిరుగుడు గలది గావున దాని గీతలగుంపు తన యాకారమును దానే చెప్పెను: అది రెండుకొసల సాగినది.